రెండు తోటల రాజీ

మష్దీ సఫ్దర్ బతికినన్నాళ్లూ ఒకటే మాట అనేవాడు: గలూస్త్, మీర్జా హెష్మత్ పారలతో కొట్టుకున్న ఎండాకాలాలే ఎండాకాలాలు, ఆ తర్వాత వచ్చినవన్నీ ఉత్త ఎండలు.

కొత్తవాళ్లకి ఈ మాట పిచ్చిగా ఉంటుంది. చెనారక్ వాళ్లకి మాత్రం వినగానే నోట్లో పుల్లగా, తియ్యగా ఏదో ఊరుతుంది.

చెనారక్ టెహ్రానుకి పైన, కొండ మొదట్లో ఉంది. కొండ కడుపులోంచి తవ్విన సొరంగ కాలువ ఊరి నెత్తిన బయటపడుతుంది. ఆ నీళ్లే ఊరికి దిక్కు. ఎప్పటి షానో ఒకడు, దొరల మెప్పు కోసం, ఊరికి పైపక్క రష్యావాళ్లకి ఒక తోట, కిందిపక్క ఇంగ్లీషువాళ్లకి ఒక తోట రాసిచ్చాడు. తోటతోపాటు నీళ్లలో వంతు కూడా ఇచ్చాడు. ఊరినడక్కుండా ఊరి నీళ్లు దానం చేసేవాణ్ణే రాజంటారు. టెహ్రానులో ఎండలు ముదరగానే రెండు దేశాల దొరలూ మంచాలూ కుర్చీలూ గాడిదలకెక్కించుకుని, తర్వాత్తర్వాత లారీలకెక్కించుకుని, చల్లగా ఉంటుందని పైకొచ్చేవాళ్లు. ఒకడు రాజు పేరు చెప్పేవాడు, ఇంకొకడు కూలివాడి పేరు చెప్పేవాడు. తాగింది మాత్రం ఇద్దరూ మా నీళ్లే.

సఫ్దర్ ఊరికి నీరుగంటి, పుణ్యయాత్ర చేసొచ్చాడని అందరూ మష్దీ అనేవాళ్లు. వంతులు తేల్చేదీ, గండ్లు కట్టేదీ అతనే. అడుగున సన్న బెజ్జమున్న రాగి కుడుకని నీళ్ల తొట్టిలో వదులుతాడు. అది నిండి బుడుంగున మునిగితే ఒక గడియ. శనివారం రష్యా తోటది, ఆదివారం ఇంగ్లీషు తోటది, మిగిలిన రోజులు ఊరిది. రష్యా తోట కాపలాదారు గలూస్త్ అర్మేనియావాడు, పందెం పొట్టేలు లాంటి మనిషి, గుప్పెడు మీసాలు. ఇంగ్లీషు తోట పెత్తందారు మీర్జా హెష్మత్ నాలుగక్షరాలు చదివినవాడు, మడత నలగని కోటు, ఎండు కట్టెపుల్ల లాంటి ఒళ్లు. కుడుక ముందు మునిగిందని ఒకడు, మునగలేదని ఇంకొకడు! ఏటా కాలువ చీలే పాయల దగ్గర రగడే రగడ.

ఆ పాయల దగ్గరే ఉంది కిటుకు. పై గండీ కింది గండీ రెండూ మూసి ఉంటే నీళ్లు తిన్నగా ఊరి మళ్లలోకి పోతాయి. వాళ్లు ఒకరి గొంతు ఒకరు పట్టుకున్నంతసేపూ సఫ్దర్ చేతులు కట్టుకుని, "అయ్యా, తగువు తేలనీండి, అప్పుడే గండి తెరుస్తా" అనేవాడు. ఊరి వంకాయలు ఆ తగువు తాగి నిగనిగలాడేవి. మర్నాడు ఇంగ్లీషు దొర చక్కెర దిమ్మ పంపేవాడు, సాక్ష్యం తనవైపు చెప్పమని. ఆ సాయంత్రమే రష్యా దొర టీ పొట్లం పంపేవాడు. ఎద్దులూ ఎద్దులూ పోట్లాడుకుంటే లేగల కాళ్లు విరుగుతాయని లోకంలో సామెత. చెనారక్‌లో అది తారుమారు. అవి పోట్లాడుకున్నన్నాళ్లే లేగలకి గడ్డి.

ఆ ఏడు, ఎండలు మండే మొర్దాద్ నెలలో గడ్డికి చేటొచ్చింది.

జర్మనీవాడు రష్యా మీద పడ్డాడని రొట్టెల కొట్టు రేడియోలో చెప్పారు. మన సర్కారు మనం ఎవరి పక్షమూ కాదంది. ఊరు మంచిదే అనుకుంది. ఎవడి చావు వాడు చస్తాడు, మన ద్రాక్ష మనం కోసుకుందామనుకుంది. అప్పుడే ఒక పొద్దున ఇంగ్లీషు దొర గొడుగేసుకుని, నడుచుకుంటూ, ఊరి మధ్య సందులోంచి రష్యా తోటకి వెళ్లాడు. మూడు తరాల్లో ఏ ఇంగ్లీషువాడూ ఆ గడప తొక్కలేదు. ముసలమ్మలు గోడల మీంచి తలలు పెట్టి చూశారు. అక్రోటు చెట్టు కింద ఇద్దరు దొరలూ టీ తాగారు.

ఆ ఆదివారం మీర్జా హెష్మత్ పాయల దగ్గరికొచ్చి, టోపీ తీసి, "సలాం మష్దీ. ఇవాళ వంతు మాదే. కానీ గలూస్త్ ఖాన్ గారికి ఇంకా కావాలంటే ముందు వారినే పట్టుకోమను" అన్నాడు.

సఫ్దర్ పార కిందపెట్టేశాడు. "గలూస్త్ ఖానా? మొన్నటిదాకా మీసాల గాడిద కదయ్యా!"

"అది మొన్న."

"జ్వరమేమన్నా తగిలిందా మీర్జా?"

"తగిలింది నాక్కాదు, మా దొరకి. 'హెష్మత్, రష్యావాళ్లు ఇకమీద మన అన్నదమ్ములు, వాళ్ల మనిషిని తిట్టావంటే నీ కొలువు ఊడుతుంది' అన్నాడు. తిట్టానని ఇన్నేళ్లూ మెచ్చుకున్నదీ ఈయనే! ఇప్పుడు మానమంటే నాలుక మానొద్దూ?"

వెనకనుంచి గలూస్త్ వచ్చాడు. మీసాలు దువ్వి ఉన్నాయి. మీర్జాని చూసి, పళ్లు నూరి, వంగి, "మీ నీడ మా మీద తగ్గకూడదు" అన్నాడు. చేదు మాత్ర మింగినవాడి మొహం.

"మీ ఇద్దరికీ ఏం తిమ్మిరెక్కిందిరా?" అన్నాడు సఫ్దర్.

"మన దేశంలో జర్మనీవాళ్లు ఎక్కువైపోయారట మష్దీ" అన్నాడు గలూస్త్. "వాళ్లని తరిమేయాలట. మా వాళ్లూ వీళ్ల వాళ్లూ కూర్చుని, ఒకటే మాట రెండు కాగితాల మీద రాసి, మన సర్కారుకిచ్చారు."

చెనారక్‌కి తెలిసిన జర్మనీవాడు ఒక్కడే. రైల్వేలో పనిచేసి, పై సందులో గది అద్దెకి తీసుకుని, కోళ్లు పెంచుకునే ముసలివాడు. ఆ కోళ్లు కూడా సరిగా గుడ్లు పెట్టవు.

"ఆ కోళ్లాయన్ని తరమడానికి ఇద్దరు చక్రవర్తులు కావాలా?"

"చక్రవర్తి ఒక్కడే. మా వాళ్లకి లేడు" అన్నాడు గలూస్త్ పౌరుషంగా. అని చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "నాకు తెలిసింది చెబుతున్నా. దొరలిద్దరూ రోజూ పటం పరుచుకుంటున్నారు. టీ గ్లాసులు పెట్టడానికి వెళ్తే పటం మీద దక్షిణం రేవు నుంచి ఉత్తరం సముద్రందాకా వేలు గీస్తున్నారు. మన రైలుదారి పొడుగునా."

సఫ్దర్ పై గండి నుంచి కింది గండి దాకా చూశాడు. నీళ్ల లెక్కలో పసివాడిక్కూడా తెలిసిన సంగతొకటుంది. పైవాడూ కిందవాడూ తిట్టుకుంటున్నంతకాలం మధ్యవాడి మడి క్షేమం. వాళ్లు కలిశారంటే మధ్యవాడి మడిలోంచే కాలువ తవ్వుతారు. దొంగలూ దొంగలూ కలిసి ఊళ్లు పంచుకున్నారంటారే, అదే ఇది. ఆ రైలుదారి కూడా ఎవరి సొమ్ముతో వేశారు? చక్కెర మీదా టీ మీదా పన్నేసి వేశారు. టీ తాగుతూ దవడన పెట్టుకున్న ప్రతి చక్కెర ముక్కకీ సఫ్దర్ కూడా ఆ రైలుకి ఒక మేకు కొనిచ్చాడు.

అతనికి గుచ్చుకుంది రైలు సంగతి కాదు. ఆ దక్షిణం రేవు. అతని ఒక్కగానొక్క కొడుకు నుస్రత్ అక్కడే సిపాయి.

బలవంతపు పటాలం చాకిరీ లెక్కలో ఎత్తుకుపోయి, కొండ తప్ప ఎరగని పిల్లాణ్ణి ఓడల దళంలో వేశారు. ఓడ ఎక్కితే వాంతులు, దిగితే మలేరియా. ఆ జ్వరం మీదే సెలవిచ్చి పంపారు. ఇంట్లో పెరుగూ రొట్టే తిని, తూతు అనే నల్ల మల్బరీ పళ్లతో మూతి ఎర్రగా చేసుకుని, గోడ మీద కూర్చుని దారినపోయే ప్రతివాణ్ణీ ఆటపట్టించి, రెండు వారాల్లో మనిషయ్యాడు. ఇక సెలవు అయిపోవచ్చింది.

మధ్యాహ్నం పళ్లెం ముందు సఫ్దర్ అన్నాడు: "వెళ్లకు."

నుస్రత్ రొట్టె పులుసులో ముంచుతూ ఆగాడు. "నాన్నా, చెప్పకుండా ఉండిపోయిన సిపాయిని ఏం చేస్తారో తెలుసా? కొరడాతో వీపు చీల్చి, ఆ వీపుతోనే జైల్లో రాళ్లు మోయిస్తారు."

"వీపు మానుతుంది."

"అసలేమైందని?"

"తోటలు రాజీపడ్డాయి."

నుస్రత్ పకపకా నవ్వాడు. "అమ్మా, విన్నావా? గలూస్త్ మీసం దువ్వుకున్నాడని నేను కొలువు మానాలట!"

తల్లి ఖావర్ నవ్వలేదు. "మీ నాన్న నీళ్ల విషయంలో ఎప్పుడన్నా తప్పు చెప్పాడట్రా?" అంది.

"ఇది నీళ్లు కాదమ్మా, రాజ్యాలు."

"రాజ్యాలు మాత్రం నీళ్లు తాగవా?" అంది.

కొడుకు కొంచెంసేపు తండ్రి మొహం చూశాడు. ఆ మొహంలో ఏం కనిపించిందో, నవ్వాపేశాడు. "సరే. పందెం. శనివారం రష్యావాళ్ల వంతు నువ్వు ఇంగ్లీషు తోటలోకి తిప్పెయ్. ఎప్పట్లాగే కొట్టుకుంటే రాజీ ఉత్తుత్తిదే, నేను హాయిగా రైలెక్కుతా. కొట్టుకోకపోతే నువ్వన్నది నిజం, ఇంట్లో పడుంటా. కొరడాలు నీ పేరు మీద తింటా."

"మగాడి మాటేనా?"

"మష్దీ సఫ్దర్ కొడుకు మాట."

సఫ్దర్ ఆ ఆరు రోజులూ నిద్రపోలేదు. కొట్టుకోవాలని కోరుకున్నాడు, కొట్టుకుంటే లోకం పాతదారిలోనే ఉన్నట్టు. కొట్టుకోకూడదనీ కోరుకున్నాడు, కొడుకు కళ్లముందుంటాడు. ఒకే నోటితో రెండు దువాలు చేశాడు. అలాంటి దువాలు ఏ దేవుడికీ అర్థం కావు.

శనివారం పొద్దున్నే రష్యా గండి మూసి, కింది గండి బార్లా తెరిచాడు. నీళ్లు ఇంగ్లీషు తోట గులాబీల్లోకి ఉరికాయి. నుస్రత్ పాయల పక్క గోడెక్కి, ఒళ్లో ద్రాక్ష గుత్తి పెట్టుకుని కూర్చున్నాడు. విషయం ఎలా పాకిందో, ఊరు సగం గోడలెక్కింది.

ముందు గలూస్త్ వచ్చాడు. ఎండిన కాలువ చూశాడు. మెడ నరాలు ఉబ్బాయి. పార పైకి లేచింది. పార మెల్లగా కిందికి దిగింది.

"పోనీలే మష్దీ. వాళ్లూ మనవాళ్లేగా" అన్నాడు ఏడుపు గొంతుతో.

గోడల మీద జనం ఉసూరుమన్నారు. అంతలో మీర్జా హెష్మత్ పరుగున వచ్చాడు. "అయ్యో గలూస్త్ ఖాన్, మీ నీళ్లు మా తోటలోకి! సిగ్గుతో నీరైపోతున్నా. ఇప్పుడే తిప్పిస్తా."

"వద్దు, ఉంచుకోండి."

"అలా అనకండి, మీ బూటు దుమ్మునండీ నేను."

"మీ గాడిద కాలిదుమ్మునండీ నేను."

మర్యాదలు ఊపందుకున్నాయి. మా దేశంలో మర్యాద ఒకసారి మొదలైతే తలుపు దగ్గర ఇద్దరు మనుషులు 'మీరు ముందు, మీరు ముందు' అంటూ ఎండలో మాడి చస్తారుగానీ లోపలికి పోరు. ఇంతలో దొరలిద్దరూ వచ్చారు, ఒకరు పైనుంచి, ఒకరు కిందనుంచి. నౌకర్లని చూసి మురిసిపోయి, ఆలింగనం చేసుకోండి అని సైగచేశారు.

ఇద్దరూ కౌగిలించుకున్నారు. ఆ కౌగిట్లో మీర్జా హెష్మత్, పాపం, నోరు కట్టుకోలేకపోయాడు. గలూస్త్ చెవిలో అన్నాడు: "నీ మీసంలో ఊరగాయ కంపురా గాడిదా."

గలూస్త్ అతన్ని అమాంతం ఎత్తి కాలువలో పడేశాడు. మీర్జా కాలు పట్టి లాగితే తానూ పడ్డాడు. ఇక చూడు! బురద, టోపీ, మీసం, తిట్లు. పాత తిట్లన్నీ ఒకటొకటే బయటికొచ్చాయి, అర్మేనియావి, పారశీకానివి, తాతల నాటివి. ఊరు ఊరంతా కేకలు. నుస్రత్ నవ్వీ నవ్వీ గోడ మీంచి ద్రాక్ష మళ్లోకి జారిపడి, అక్కడే పొట్ట పట్టుకుని దొర్లాడు. సఫ్దర్ దొరల వైపు చూశాడు. వాళ్ల మొహాలు కందగడ్డల్లా ఉన్నాయి. ఇద్దరూ చేతులూపుతున్నారు, ఒకరి మాట ఒకరు తెంచుతున్నారు, గొంతులు హెచ్చాయి. ఇంగ్లీషు దొర టోపీ తీసి నేలకేసి కొట్టినంత పనిచేశాడు.

కొట్టుకున్నారు! దొరలు కూడా కొట్టుకున్నారు! సఫ్దర్ రెండు గండ్లూ మూసేశాడు. నీళ్లు గలగలమంటూ ఊళ్లోకి పోయాయి. ఆ సాయంత్రం చెనారక్‌లో ప్రతి ఇంట్లో వంకాయ కాల్చారు. పాత ఎండాకాలం తిరిగొచ్చిందని ముసలివాళ్లు ఒకరికొకరు టీ పోసుకున్నారు.

మర్నాడు నుస్రత్ బయల్దేరాడు. ఖావర్ ఖురాన్ ఎత్తి పట్టుకుంటే దాని కిందనుంచి దాటాడు. వెళ్లినవాడు నీళ్లలా తిరిగిరావాలని అతని వెనక చెంబుడు నీళ్లు పోసింది. "నాన్నా," అన్నాడు సందు మలుపులో ఆగి, "నేనొచ్చేదాకా వాళ్లని మళ్లీ కొట్టుకోనివ్వకు. చూడకపోతే నాకు అన్నం సయించదు."

"పో వెధవా, రైలు తప్పుతుంది" అన్నాడు సఫ్దర్, నవ్వుతూ.

వారం తిరిగేసరికి ఒక వేకువన రెండు దేశాల రాయబారులూ కలిసి ప్రధానమంత్రి ఇంటి తలుపు కొట్టారు. చెరొక కాగితం ఇచ్చారు. ఆయన చదవడం పూర్తికాకముందే ఉత్తరంనుంచి రష్యావాళ్లు, దక్షిణంనుంచి ఇంగ్లీషువాళ్లు లోపలికొచ్చేశారు. మేమెవరి పక్షమూ కాదన్న దేశాన్ని రెండు పక్షాలూ కావు, ఒకే పక్షం కబళించింది. కోళ్లాయన్ని పట్టుకుపోయారు. కోళ్లు సందుల్లో తిరిగాయి. షా సైన్యం కొన్నాళ్లకే కూలింది. సిపాయిలకి రొట్టె ఇవ్వలేదు, దారిఖర్చు ఇవ్వలేదు, ఇళ్లకి పొమ్మని గేట్లు తెరిచారు. వాళ్లకి కొరడాలు చూపించిన అధికారులు అందరికంటే ముందు కార్లలో పారిపోయారు. ఇది రాసుకోండి, మర్చిపోకండి.

టెహ్రాను వైపు నుంచి కొండ ఊళ్లకి పోయే గాడిదల బాట పాయల పక్కనుంచే పోతుంది. ఆ బాట మీద ఉత్తకాళ్ల సిపాయిలు నడిచారు. పాదాలు పగిలి, పెదాలు పగిలి, పదిమంది, ఇరవైమంది. సఫ్దర్ అక్కడే కూర్చుని ప్రతి మొహం చూశాడు. గలూస్త్ వచ్చి పక్కన కూలబడ్డాడు.

"మష్దీ, ఆ రోజు మా దొరలు పోట్లాడుకోలేదు" అన్నాడు నేల చూస్తూ. "మాదే తప్పంటే మాదే తప్పని ఒకరినొకరు బతిమాలుకున్నారు. మా వాడు నన్ను పనిలోంచి తీసేస్తానంటే, వాళ్లాయన వద్దు వద్దు, నా మనిషినే తీసేస్తానన్నాడు. వాళ్ల భాష నాకొచ్చు. నీకు చెప్పాల్సింది. నువ్వు అంత సంతోషంగా గండ్లు మూస్తుంటే నోరు రాలేదు."

సఫ్దర్ లేచి, పార తీసుకుని, కింది గండి మూశాడు. పాయ పక్క కట్ట తెంచి నీళ్లని బాట వారనున్న గుంటలోకి తిప్పాడు. సిపాయిలు బోర్లా పడుకుని తాగారు, కాళ్లు పెట్టుకున్నారు, కొందరు ఆ నీళ్లలోనే ఏడ్చారు.

అది ఆదివారం. మీర్జా హెష్మత్ వచ్చాడు, తన తోట ఎండుతోందని. బాట చూశాడు. కోటు విప్పి మడతపెట్టి రాయి మీద పెట్టాడు. గలూస్త్ చేతిలోంచి రెండో పార తీసుకుని, గుంట చుట్టూ మట్టి కట్ట వేయడం మొదలెట్టాడు. "మా దొర అడిగితే కాలువ తెగిందని చెబుతా" అన్నాడు. "నమ్మితే నమ్ముతాడు, లేకపోతే మిత్రదేశాన్ని పిలుచుకుంటాడు."

అలా ఎన్ని రోజులో. ద్రాక్ష కోతలు అయిపోతున్నాయి. ఒక సాయంత్రం పై ఊరి పిల్లాడు సైఫుల్లా వచ్చాడు, నుస్రత్‌తో ఒకే బరాకులో ఉన్నవాడు. చెయ్యి కట్టుగుడ్డలో ఉంది. సఫ్దర్‌ని చూడగానే ఆగిపోయాడు. తప్పించుకుపోవడానికి వేరే బాట లేదు.

"చెప్పు" అన్నాడు సఫ్దర్.

"తెల్లారుతోంది బాబాయ్. మేం నిద్రలో ఉన్నాం. ఓడల మీంచి ఫిరంగులు. ఎవరు కొడుతున్నారో, ఎందుకు కొడుతున్నారో కూడా మాకు తెలీదు. ముందురోజు దాకా ఆ ఓడలవాళ్లకి మేం సలాం కొట్టాం." కట్టుగుడ్డ సర్దుకున్నాడు. "వాడు లేవలేదు బాబాయ్. నా పక్క మంచమే. ఆ రాత్రి కూడా ఆ మీసాలాయన్ని కాలువలో పడేసిన కథ చెప్పి అందర్నీ నవ్వించాడు. నవ్వుకుంటూనే పడుకున్నాం."

గలూస్త్ మొహం చేతుల్లో దాచుకున్నాడు. మీర్జా పార మీద వాలి నిలబడ్డాడు.

పిల్లాడు నీళ్ల వైపు చూసి, తాగొచ్చో లేదో తెలియక, అలవాటు కొద్దీ అడిగాడు: "ఇవాళ ఎవరి వంతు బాబాయ్?"

"ఇంగ్లీషు తోటది" అన్నాడు మీర్జా హెష్మత్ మెల్లగా.

"కాదు" అన్నాడు సఫ్దర్. "నుస్రత్‌ది. తాగు నాయనా. కడుపునిండా తాగు."

పై ఏడాదికి దొరలు సైనికుల్ని పెట్టి పాయలకి ఇనప తలుపులూ తాళాలూ వేయించుకున్నారు. కొన్నేళ్లకి యుద్ధం అయిపోయింది, వాళ్లిద్దరూ మళ్లీ బద్ధశత్రువులయ్యారని రేడియోలో చెప్పారు. చెనారక్‌కి దానివల్ల ఏమీ ఒరగలేదు. అప్పటికి గలూస్త్ పోయాడు. మీర్జా కొలువు మానేశాడు.

సఫ్దర్ ముసలివాడై గోడ నీడన కూర్చునేవాడు. ఎవరన్నా టీ ఇస్తే ఆ శనివారం కథ చెప్పేవాడు. కౌగిలింత, చెవిలో మాట, బురద, కందగడ్డల్లాంటి దొరల మొహాలు, గోడ మీంచి జారిపడ్డ కొడుకు. చెబుతున్నంతసేపూ అతని మొహం పాతికేళ్లవాడి మొహంలా వెలిగేది. వినేవాళ్లు తర్వాతేమైందని అడిగితే, ఖావర్ లోపల్నించి వింటోందని తెలుసు గనక, టీ గ్లాసు కిందపెట్టి అనేవాడు:

"తర్వాతేముంది? నీళ్లన్నీ మన వంకాయ మళ్లలోకే పారాయి."